ఏడో అక్క జాగా

పాలయ్యతో అడవిలో నడిస్తే రెండు గంటలకు అర కిలోమీటరు కూడా సాగదు. ప్రతి మాను దగ్గరా ఆగుతాడు. బెరడును గోరుతో గీరి, ఆ గోరు తెచ్చి మన ముక్కు దగ్గర పెట్టి, "ఇది ఏం మానో చెప్పు మేడం" అంటాడు. నేను ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా బాటనీ చెబుతున్నదాన్ని. పదకొండేళ్ల క్రితం మొదటిసారి ఆయన అడిగినప్పుడు ఠక్కున తెల్లమద్ది అని చెప్పాను. ఆకులన్నీ రాలిపోయిన ఫిబ్రవరి నెల. నలభై మంది పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. "ఆకు లేనప్పుడు శానామంది అట్లే అంటారు మేడం. ఇది చిరుమాను" అని ఆయన మెత్తగా సరిదిద్దాడు. పిల్లలు నోట్సులో కొట్టేసి మళ్లీ రాసుకున్నారు. ఆ రోజంతా నాకు ఆయన మీద కోపంగానే ఉండింది. ఇంటికి పోయి పుస్తకం తీసి చూస్తే ఆయన చెప్పిందే నిజం, దాంతో కోపం ఇంకాస్త పెరిగింది.

ఆ అడవి పేరు మద్దికోన. కడప జిల్లాలో అడవి అనగానే అందరికీ ఎర్రచందనమే గుర్తొస్తుంది. ఈ కోనలో వెతికినా ఒక్క ఎర్రచందనం మాను కనపడదు. ఉండేవన్నీ మద్ది, చిరుమాను, మోదుగ, తునికి, ఉసిరి, అక్కడక్కడ బిల్లుడు. దొంగలకు పనికిరాదు కాబట్టి పేపర్లకూ పనికిరాదు. చక్రాయపేట మండలంలో వంకమీదిపల్లె అని ఒక ఊరుంది, దాని వెనక కొండ మొదలయ్యేచోట ఉంది ఈ కోన. ప్రొద్దుటూరులో ఆరింటికి బస్సెక్కితే ఎర్రగుంట్ల, ఆ పైన చిలమకూరు దగ్గర ఫ్యాక్టరీ దుమ్ముకు తెల్లబడిన తుమ్మచెట్లు, తర్వాత నల్లరేగడిలో శనగ చేలు. వేంపల్లె దాటితే నేల ఎర్రబడుతుంది. చీనీ తోటలు, అరటి తోటలు, ప్రతి గట్టు మీదా డ్రిప్పు పైపుల చుట్టలు. మా పిల్లలు అరటి తోటలు కనపడగానే అడవి వచ్చేసిందని సెల్‌ఫోన్లు బయటికి తీస్తారు. ఏటా తీస్తారు, ఏటా నేను తిడతాను.

పాలయ్య అటవీశాఖలో ప్రొటెక్షన్ వాచర్. పేరు పెద్దదే కానీ ఉద్యోగం దినకూలీది. ఇరవై ఏడో ఏట చేరినవాడు అరవై దాటినా పర్మనెంటు కాలేదు. ఖాకీ చొక్కా తన డబ్బుతోనే కుట్టించుకున్నాడు. ఒక పాత మోపెడ్డు, ఒక కత్తి, ఒక నీళ్ల క్యాను, ఇదీ ఆయన సరంజామా. భార్య అన్నమ్మ ఊళ్లో బడికి మధ్యాహ్నం అన్నం వండుతుంది. పిల్లలు లేరు. ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు, "మానులుండాయి లే మేడం" అని తోక తగిలించాడు. అట్లాంటి మాటలు సినిమాలో వింటే నాకు నవ్వొస్తుంది. ఆయన అంటే మాత్రం నవ్వలేదు.

వంకమీదిపల్లెలో ఆయనది చర్చి వీధి. వాళ్ల తాత కాలంలో జమ్మలమడుగు తట్టు నుంచి గుర్రం మీద వచ్చిన దొర బాప్తిస్మం ఇచ్చాడట. ఆ దొర కట్టించిన ఒంటి గది చర్చి ఇంకా ఉంది. గంట కొనే స్తోమత లేక వేపచెట్టుకు రైలు పట్టా ముక్కొకటి వేలాడదీశారు. ఇప్పుడు స్తోమత ఉన్నా, దాని మోతకు అలవాటుపడి అదే కొడుతున్నారు. పాలయ్య తాత దాన్ని కొట్టేవాడు, తండ్రి కొట్టేవాడు. పాలయ్య జమ్మలమడుగు హాస్టల్లో ఏడో తరగతి దాకా చదివి, తండ్రి పోతే తిరిగొచ్చి శనక్కాయ చేలల్లో కూలికి పోతూ, ఆదివారం వచ్చేసరికి గంట కొట్టేవాడు. తర్వాత సంఘ పెద్ద అయ్యాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, యేసు కడపటి భోజనాన్ని తలుచుకునే ఆరాధన. ఆ రోజు పాస్టరు అయ్యగారు రొట్టె ముక్కలు పంచుతుంటే పక్కన పళ్లెం పట్టుకుని నిలబడే పని సంఘ పెద్దది. ఊళ్లో ఎవరి అరుగు మీదా కూర్చోలేకుండా బతికిన మనిషి మనవడికి అక్కడ ముందు బల్ల మీద ఎడమ చివర జాగా ఉంది. ఆయన నాతో తన ఉద్యోగం గురించి ఎప్పుడూ గొప్ప చెప్పుకోలేదు. పళ్లెం గురించి మాత్రం మూడుసార్లు చెప్పాడు.

మూడో ఏడు పోయినప్పుడు అనుకుంటాను, కోన మొదట్లో ఒక పెద్ద మద్ది కింద రాళ్లు చూశాను. సున్నం పూసి, ఎర్రజాజు బొట్లు పెట్టి, వరసగా నిలిపిన రాళ్లు. చుట్టూ గాజు ముక్కలు, పసుపు, కొమ్మలకు కట్టిన రవికె గుడ్డలు. మా సీమలో అడవి అంచున, వంకల దగ్గర ఇట్లాంటివి చాలా ఉంటాయి. అక్కదేవతలంటారు. ఏడుగురు అక్కచెల్లెళ్లు. వాళ్లున్న చోట చెప్పులేసుకోరు, పుల్ల విరవరు, విరిస్తే ఇంట్లో ఎవరికో ఒకరికి ఒళ్లు కాలుతుందని భయం. నేను అలవాటుగా లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి. ఆరో రాయి పక్కన మూరెడు జాగా వదిలి, అక్కడ వట్టి నేల మీదనే పసుపు చల్లి ఉంది.

"ఏడోది ఏమైంది పాలయ్యా?" అన్నాను.

ఆయన పిల్లలు దూరంగా ఉన్నారో లేదో చూసుకున్నాడు. "ఏడని నాకు తెలీదు మేడం" అన్నాడు.

సంగతి ఇది. ఆయన కాపలా కాసేది హద్దురాయికి అవతల ఉన్న అడవిని. హద్దురాయికి ఇవతల, వంక పొడుగునా ఉన్న మద్దిమానులు వంక పోరంబోకులో ఉన్నాయి. వాటి మీద ఆయనకు అధికారం లేదు. అసలు మంచి మానులన్నీ ఇవతలే ఉన్నాయి, నీళ్లు ఇక్కడే కాబట్టి. ఇరవై ఏళ్ల క్రితం వరసగా మూడేళ్లు వానలు లేవు. మేకలోళ్లు కొమ్మలు నరికారు, ఇటుకల బట్టీలోళ్లు మొదళ్లే నరికారు. అడ్డం పోతే, "నీ హద్దు ఆడుంది, పోయి ఆడ నిలబడు" అన్నారు. ఒక ఏడాదిలో పదిహేను మానులు పోయాయి. అప్పుడు క్రిస్మసుకు చర్చికి కొట్టగా మిగిలిన సున్నం బకెట్టులో తీసుకుని, అన్నమ్మ డబ్బాలోంచి పసుపు చేతికందినంత తీసుకుని, వంకలో నున్నటి రాళ్లు ఏరుకుని, ఒక తెల్లవారుజామున పోయి అన్నిటికన్నా పెద్ద మద్ది కింద నిలబెట్టి వచ్చాడు.

"ఆరే ఎందుకు పెట్టావు?"

"చిన్నప్పుడు చూసినేటివి ఆరే మేడం. మా అవ్వోళ్ల ఊరికి పోయే దావలో ఉండేటివి. దగ్గరికి పోకూడదు కదా. వాళ్లు మమ్మల్ని రానీరు, అయ్యగారు మమ్మల్ని పోనీరు. దావలోంచి చూస్తే ఆరు కనపడేటివి. ఏడోది వెంపలిచెట్టు సాటున ఉన్నిందని నాకు ఈ మధ్యనే తెలిసింది."

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. "ఎవరికీ చెప్పొద్దు మేడం. చర్చి సున్నంతో బొమ్మలు చేసినానంటే అయ్యగారు నా చేతికి పళ్లెం ఇయ్యరు" అన్నాడు. నేను చెప్పనన్నాను, చెప్పలేదు కూడా. స్టాఫ్ రూములో నోటిదాకా వచ్చి ఆగిన రోజులున్నాయని మాత్రం ఒప్పుకుంటాను.

ఆ రాళ్లను మొదట చూసింది గోవిందమ్మ. గొర్రెలు మేపుకునే ముసలావిడ, ఇప్పుడు ఎనభై దాటాయి. చూసి పల్లెలోకి పరుగెత్తి, మద్దికోనలో అక్కలు వెలిశారని చెప్పింది. ఆరే ఉన్నాయేందని ఎవరో అడిగితే ఆవిడ ఏమీ తడుముకోలేదట. "ఏడో ఆమె వంకలోకి నీళ్లు పోసుకోను పోయింది. వస్తాది" అందట. ఆ రోజు నుంచి ఆ మూరెడు జాగా ఏడో అక్కదయింది. శుక్రవారం శుక్రవారం పసుపు చల్లి పెడుతూనే ఉన్నారు. అన్నమ్మ మాత్రం డబ్బాలో పసుపు తగ్గింది చూసి, పల్లెలో మాట విని, రెండూ కలిపి చూసుకుని సంగతి గ్రహించింది. రాత్రి అన్నం పెడుతూ, "ఇంకొకసారి కావాలంటే చెప్పు, పాతది ఉండాది, అది తీసుకుందువు" అని మాత్రం అందట.

గొడ్డలి ఆగిపోయింది. ఇరవై ఏళ్లలో ఆ వంక పొడుగునా ఒక్క కొమ్మ తెగలేదు. నేను చూస్తుండగానే మోకాలెత్తు మొక్కలు నా తల దాటిపోయాయి. నడి ఎండలో అక్కడికి పోతే ఒంటి మీద చెమట ఆరిపోతుంది. పిల్లలకు అది చూపించి పరిరక్షణ మీద చాలా ఉపన్యాసాలు చెప్పాను. దాని వెనక ఒక సున్నం బకెట్టు ఉందని మాత్రం చెప్పలేకపోయాను.

ఇక కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ నిరుడు మొదలైంది. ఊళ్లో పెద్ద రైతు నాగమునిరెడ్డి, యాభై ఎకరాల చీనీ తోట ఆసామి. కోడలికి ఎనిమిదేళ్లు కడుపు పండలేదు. ఆ అమ్మాయి మద్దికోనకు పోయి ఏడో అక్క జాగాలో గాజులు పెట్టి మొక్కుకుంది. మగపిల్లవాడు పుట్టాడు. హైదరాబాదు డాక్టర్లకు కట్టిన ఫీజుల మాట ఎవరూ ఎత్తలేదు. నాగమునిరెడ్డి చెడ్డమనిషి కాదు, మాట ఇస్తే నిలబడతాడు. అక్కలు ఎండకు ఎండి వానకు తడుస్తుంటే తన మనవడు ఫ్యాను కింద పడుకోవడం ఆయనకు నచ్చలేదు. స్లాబు వేసి గుడి కట్టిస్తానన్నాడు. గుడి అంటే చుట్టూ గోడ, ముందు మండపం, వంటలకు రేకుల షెడ్డు, బండ్లు నిలిపేందుకు జాగా. సిమెంటు దిగింది. ఇరవై మూడు మానుల మీద సున్నంతో అడ్డగీతలు పడ్డాయి. వాటిలో పెద్ద మద్ది కూడా ఉంది, దాని వేళ్లు పునాదికి అడ్డమట.

పాలయ్య నాకు ఫోన్ చేశాడు. పదేళ్లలో ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదలు. "మేడం, నువ్వు చదువుకున్నేదానివి, ఏమైనా చెయ్" అన్నాడు. నేను చదువుకున్నవాళ్లు చేసేదే చేశాను. అర్జీ రాశాను. మూడు పేజీలు, మానుల శాస్త్రీయ నామాలతో సహా. ఒక ఆఫీసులో అది తమ పరిధి కాదన్నారు, ఇంకో ఆఫీసులో దేవుడి పని కదా మేడం అన్నారు. నా పేరుకు ముందు డాక్టర్ అని ఉంటుంది. ఆ రోజు అది నాకు ఏమీ బరువుగా తోచలేదు.

ఫోన్‌లోనే ఆయనను అడిగాను, ఇక ఏం చేస్తావని. "నేనే పెట్టినానని చెప్తా. రాళ్లని తెలిస్తే స్లాబు ఎవరేస్తారు?" అన్నాడు. చెబితే చర్చిలో ఏమవుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. వద్దని నేను అనలేదు. అనాల్సిందేమో ఇప్పటికీ తెలియదు. మానులు నాకూ కావాలి, పోయేది నా పళ్లెం కాదు.

భూమిపూజ రోజు నేను పిల్లల్ని తీసుకుని పోయాను. ఫీల్డ్ ట్రిప్పు అని కాలేజీలో రాయించాను కానీ పోయింది దానికే. యాభై మంది దాకా జనం. మద్ది కింద పొంగళ్లు ఉడుకుతున్నాయి. దూరంగా జేసీబీ తొండం పైకెత్తి సిద్ధంగా ఉంది, లోపల షాహుల్ అని వేంపల్లె డ్రైవరు కూర్చుని ఉన్నాడు. పాలయ్య ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి, ఎప్పుడూ నిలబడే చోటే, హద్దురాయి దగ్గర నిలబడ్డాడు. రాళ్లు నిలబెట్టిన ఆ తెల్లవారుజాము తర్వాత ఆయన మళ్లీ వాటి దగ్గరికి పోలేదు.

"అయ్యా, ఒక మాట" అన్నాడు అక్కడి నుంచే.

"చెప్పప్పా పాలయ్యా, ఆడ నిలబడి చెప్పేదేంది, దగ్గరికి రా" అన్నాడు నాగమునిరెడ్డి.

పాలయ్య రాలేదు. "ఆ రాళ్లు వెలిసినేటివి కాదయ్యా. నేను పెట్టినా. మానులు నరుకుతాండారని, భయపడతారని పెట్టినా. చర్చి సున్నం పూసినా. తప్పు నాది. వట్టి రాళ్లకు మానులు కొట్టొద్దు" అన్నాడు.

పొంగలి కలుపుతున్న గరిటెలు ఆగిపోయాయి. ఆయన్ని కొడతారేమో అనుకున్నాను. నా వెనక పిల్లలు కూడా సెల్‌ఫోన్లు దించేశారు. నాగమునిరెడ్డి చాలాసేపు ఆయన ముఖంలోకి చూశాడు.

"ఇన్ని మానులుండంగా ఈ మాను కిందనే యాల పెట్టినావు?"

"పెద్దదని."

"పెద్దమాను కింద పెట్టాలని నీకు తోపించిందెవరు?"

గోవిందమ్మ కర్ర పట్టుకుని మెల్లగా లేచింది. వచ్చి, ఆయనకు రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "మేమంతా ఉండంగా నీ చేత పెట్టించుకున్నారు అబ్బీ. మీ దేవుడు వేరే అయినా నిన్నే ఏరుకున్నారు. నీది శానా పుణ్యం" అంది. ఆ వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా మొక్కారు.

పాలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "లేదవ్వా. నాకు లెక్క కూడా తెలీదు. ఏడు పెట్టాల్సింది ఆరు పెట్టినా" అన్నాడు.

"అది మాకు తెలుసు. ఏడో ఆమె నీళ్లు పోసుకోను పోయింది" అంది గోవిందమ్మ ఓపిగ్గా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

నాగమునిరెడ్డి షాహుల్‌కు చెయ్యి ఊపాడు. జేసీబీ ఒక్క ఊపు ఊగి మొదలైంది. మొదటి గీత ఉన్న మాను చిరుమాను, పదకొండేళ్ల క్రితం నేను పేరు తప్పు చెప్పిన మానే. పాలయ్య దాన్ని చూశాడు, జేసీబీని చూశాడు, కళ్లు ఒకసారి మూసుకుని తెరిచాడు.

"అయితే అవ్వా, ఆమె ఇంకా రాలేదు కదా" అన్నాడు గొంతు పెంచి.

"రాలేదు."

"వంక గుండా కదా వచ్చేది. మద్ది నీడ గుర్తు పెట్టుకొని వస్తాది. మానులు కొట్టేసి, అక్కలను గోడ లోపల పెట్టి తలుపేస్తే ఆమెకు జాగా యాడ తెలుస్తాది? తెలీకపోతే పల్లెలోకి వస్తాది. ఎవరి ఇంట్లోకి పోయి కూచుంటాదో నాకు తెలీదు. నా చేత పెట్టించుకున్నారంటాండారు కదా, నా చేతనే చెప్పిస్తాండారు అనుకోండి."

మొదట కదిలింది షాహుల్. ఇంజను ఆపేసి కిందికి దిగి, చెప్పులు విడిచి, దూరంగా పోయి నిలబడ్డాడు. నాగమునిరెడ్డి మనవడు తల్లి చంకలో నిద్రపోతున్నాడు. ఆయన వాడి వైపు చూసిన చూపు నేను చూశాను. ఊళ్లో అందరికన్నా ముందు ఎవరి ఇల్లు గుర్తొచ్చిందో అడగాల్సిన పని లేకపోయింది.

"స్లాబు వద్దులేప్పా" అన్నాడు చివరికి. "ఆమె వచ్చినంక ఆలోచిస్తాం. సిమెంటు బడి గోడకు వేయండి."

జనం పొంగలి పంచుకునే లోపల పాలయ్య మోపెడ్డు దగ్గరికి పోయాడు. నేను వెనకే పోయాను. ఏదో మెచ్చుకోలు మాట అనబోయాను, ముఖం చూసి ఆగిపోయాను. రెండుసార్లు పెట్టినా తాళంచెవి పడలేదు.

"నిజం చెప్పినా, నమ్మలా మేడం. అబద్ధం చెప్పినా, నమ్మినారు" అన్నాడు. "అదీ వాళ్ల దేవత పేరు మీద."

వేంపల్లె సంతకు పోయిన కబురు చర్చి వీధికి రాకుండా ఉంటుందా. పాలయ్య నోటి వెంట అక్కలు పలికారని సాయంత్రానికే అందరికీ తెలుసు. బెంజమిన్ అయ్యగారు వచ్చి ఆ సంఘంలో నాలుగేళ్లయింది. నిదానమైన మనిషి. ఇంటికి పిలిపించుకుని, కుర్చీ వేసి, టీ ఇచ్చి అడిగాడట. పాలయ్య ఒక్కటీ దాచలేదు. రాళ్లు నువ్వే తీసి వంకలో పారేసి, సంఘం ముందర తప్పు ఒప్పుకుంటే ఆ వారమే పళ్లెం మళ్లీ నీ చేతికి ఇస్తానని అయ్యగారు అన్నాడు. అంతవరకు ప్రభువు బల్లకు రావద్దన్నాడు.

"ఒప్పుకోమంటే ఇప్పుడే ఒప్పుకుంటా అయ్యగారూ. రాళ్లు తీస్తే మాత్రం రేపు మానులుండవు" అన్నాడట పాలయ్య.

"రాళ్లుండంగా ఒప్పుకోలు ఏంది పాలయ్యా?" అన్నాడట ఆయన. ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదని, టీ మాత్రం చల్లారిపోయిందని అన్నమ్మ నాకు ఫోన్‌లో చెప్పింది. మరుసటి ఆదివారం నుంచి పాలయ్య గంట కూడా కొట్టలేదు. కొట్టొద్దని ఎవరూ అనలేదు, ఆయనే మానుకున్నాడు.

నాకు అయ్యగారి మీద మండిపోయింది. ఒక ఆదివారం పోయి దులిపేద్దామని కూడా అనుకున్నాను. అన్నమ్మే ఆపింది. "ఆయప్పది ఆయప్ప పని మేడం. సంఘం అంతా చూస్తాండాది. ఒకరికి సడలిస్తే ఇంకొకరికి ఏం చెప్తాడు?" అంది. మొగుడి కోసం ఏడ్చిన మనిషే ఆ మాట అంటుంటే నేను ఆ ప్రయాణం మానుకున్నాను.

మళ్లీ నేను మద్దికోనకు పోయింది ఈ డిసెంబరులో. పిల్లలు లేరు, ఒక్కదాన్నే. ఆ రోజు నెలలో మొదటి ఆదివారమని నాకు గుర్తులేదు. చిరుమాను ఆకులు ఎర్రబారి రాలుతున్నాయి, వంకలో పాదం మునిగేంత నీళ్లున్నాయి. పెద్దమద్ది కింద ఆరు రాళ్లూ కొత్త సున్నంతో ఉన్నాయి. ఏడో జాగాలో అప్పుడే చల్లిన పసుపు. పాలయ్య హద్దురాయికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఎందుకంటే అప్పుడే పల్లె వైపు నుంచి పట్టా గంట మోగింది. తర్వాత పాట మొదలైంది. గాలి ఇటు తిరిగినప్పుడు ఒక్కో చరణం స్పష్టంగా వినపడుతోంది.

"ఈడికి బాగా వినపడతాది మేడం" అన్నాడు. అంతే. పాట అయ్యేదాకా నేనూ అక్కడే కూర్చున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు అన్నమ్మ క్యారియరు పట్టుకుని వచ్చింది. తెల్లచీరలో ఉంది. క్యారియరు కింద పెట్టి, కొంగు ముడి విప్పి, మడత పెట్టిన చేతిగుడ్డ తీసింది. అందులో గోరంత రొట్టె ముక్కలు రెండున్నాయి.

పాలయ్య వాటిని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దొంగగా తెచ్చినావా?"

"లేదు. మోకరించి చెయ్యి చాపితే రెండు పెట్టినాడు."

"ఎవరు?"

"ఇంకెవరు, అయ్యగారు."

"పొరపాటున పడింటాది."

"నేనూ అట్లే అనుకున్యా. పోయిన నెలా రెండు పెట్టినాడు, అంతకు ముందు నెలా రెండు పెట్టినాడు. పొరపాటు కదా, తిరిగిచ్చేకి లేదు కదా అని రెండూ నేనే తినేసినా" అంది అన్నమ్మ. "ఈ నెల పెట్టి నా తట్టు చూసినాడు. ఒక్కటే చూపు. మాట్లాడలా, పక్కామె దగ్గరికి పోయినాడు. అప్పుడు తెలిసింది నాకు, నేను రెండు నెలలుగా నీది తింటాండానని."

పాలయ్య లేచాడు. వంకలోకి దిగి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు, చాలాసేపు కడుక్కున్నాడు. వచ్చి తల మీది టోపీ తీసి హద్దురాయి మీద పెట్టాడు. అన్నమ్మ ముక్క అన్నమ్మ చేతిలో పెట్టి, తనది తాను తీసుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి నోట్లో వేసుకున్నారు. నేను తల తిప్పుకుని మద్దిమాను వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ముగ్గురం క్యారియరులోని సంగటి తిన్నాం. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నాతో పాటు రోడ్డు దాకా నడిచాడు. దారి పొడుగునా ఎన్ని మానులున్నా ఒక్కదాని దగ్గరా ఆగలేదు, పేరు అడగలేదు.